పేరు చివరన రాయాలి: 37 పాత పెన్నుల డైరీ

1వ రోజు

పెద్దమ్మ పంపిన చెక్కపెట్టెను ఈ రోజు తెరిచి బల్ల మీద పరిచాను. పెదనాన్నగారు నలభై ఏళ్లపాటు ఒక్కొక్కటిగా పోగుచేసిన సిరా పెన్నులు. మొత్తం 37. పెట్టె అడుగున ఒక గుడ్డ సంచి, దాని నిండా ఊడిపోయిన క్లిప్పులు, పగిలిన మూతలు, మూత లేని ఒక పెన్ను. పెద్దమ్మ ఫోనులో కోరింది ఒక్కటే: "ఏది ఏమిటో రాసిపెట్టు నాన్నా. ఆయనకు అన్నీ తెలుసు, నాకు ఒక్కటీ తెలియదు."

క్లిప్పుల మీదా, బ్యారెళ్ల (పెన్ను ఒంటి గొట్టాల) మీదా కనిపించిన పేర్లను బట్టి కుప్పలు వేశాను. పార్కర్ 12, షెఫర్ 7, వాటర్‌మన్ 4, పెలికాన్ 3, మాంట్‌బ్లాంక్ 3, పైలట్ 3. ఏ పేరూ లేనివి 5. సాయంత్రానికల్లా సగం పని అయిపోయిందనిపించింది.

2వ రోజు

సగం పని కాదు, పని మొదలే కాలేదు.

పార్కర్ కుప్పలోని ఎర్ర పెన్ను మూత తీసి పాళీని భూతద్దం కింద పెట్టాను. దాని మీద పార్కర్ పేరు లేదు. 'వారంటెడ్ 14 కె' అని మాత్రమే ఉంది. అది ఏ ఒక్క కంపెనీదీ కాని, ఎవరైనా కొని అమర్చుకోగలిగిన పాళీ. అసలు పాళీ విరిగినప్పుడు బాగుచేసేవాళ్లు ఇటువంటిది వేసి ఇచ్చేవారు. అంటే పెన్ను పార్కర్‌దే, పాళీ పరాయిది. దీన్ని ఏ కుప్పలో వేయాలి?

షెఫర్ కుప్పలోనూ ఇదే గొడవ. ఒక పెన్ను మూత మీద ఆ కంపెనీ ప్రసిద్ధ తెల్ల చుక్క ఉంది. 1924 నుంచి జీవితకాల హామీ ఉన్న పెన్నులకు గుర్తుగా ఆ చుక్క పెట్టేవారు. ఆ హామీ ఉన్న పాళీ మీద 'లైఫ్‌టైమ్' అనే మాట ఉండాలి. ఈ పాళీ మీద అది లేదు. మూతైనా మారి ఉండాలి, పాళీ అయినా మారి ఉండాలి.

పాత పెన్ను అంటే ఒకే రోజున ఒకే చేతిలో పుట్టిన వస్తువు అనుకున్నాను. యాభై, అరవై ఏళ్లు వాడిన పెన్నులో మూత ఒక సంవత్సరానిది, పాళీ ఇంకో సంవత్సరానిది, బ్యారెల్ మరో సంవత్సరానిది కావచ్చు. కాబట్టి మోడల్ పేరుతో మొదలుపెట్టకూడదు. ముక్క ముక్కకూ విడిగా సాక్ష్యం తీసుకుని, పేరును చివరన రాయాలి. కుప్పలన్నీ కలిపేశాను.

3వ రోజు

పనిముట్లు సిద్ధం చేసుకున్నాను. పది రెట్లు పెంచి చూపే భూతద్దం, వెర్నియర్ కాలిపర్, గ్రాములో పదో వంతు వరకు చూపే చిన్న తూకం, పక్క నుంచి వెలుగు వేయడానికి టార్చి, మెత్తని కుంచె, ఉతికిన నూలుగుడ్డ. ఇంతే. స్పిరిట్‌ను దగ్గరికి కూడా రానివ్వలేదు. పాత ప్లాస్టిక్‌లలో చాలావాటి పైపొరను అది కరిగిస్తుంది, లేకపోతే సన్నని పగుళ్లు తెస్తుంది.

రిజిస్టరులో ఒక్కో పెన్నుకు ఒక పేజీ. ముందు కొలతలు, తర్వాత పదార్థం, సిరా నింపే పద్ధతి, ముద్రలు, పాళీ, క్లిప్పు, మూత. అన్నిటికంటే కింద మోడల్, కాలం. ఒక నియమం కూడా పెట్టుకున్నాను. కళ్లతో చూసినదాన్ని సిరాతో రాస్తాను, దాని నుంచి ఊహించినదాన్ని పెన్సిల్‌తో రాస్తాను. రేపు ఇంకో సాక్ష్యం దొరికితే చెరపవలసింది పెన్సిల్ రాతనే.

5వ రోజు

పదార్థాల దగ్గర రెండు రోజులు గడిచాయి, ఒక పెన్నును పాడుచేశాను కూడా. ముందు తెలుసుకున్నది రాస్తాను.

1920ల దాకా మంచి పెన్నులు ఎక్కువగా ఎబొనైట్‌తో, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరుతో చేసేవారు. తర్వాత సెల్యులాయిడ్ వచ్చింది. 1940లలో యాక్రిలిక్ మొదలైంది. చూపుకు మూడూ నల్లగా నిగనిగలాడుతూ ఒకేలా ఉండవచ్చు. తేడా పట్టేది ముక్కు. బొటనవేలితో ఒకే చోట అర నిమిషం గట్టిగా రుద్ది, వేడెక్కిన వెంటనే వాసన చూడాలి. ఎబొనైట్ అయితే కాలిన రబ్బరు, గంధకం వాసన వస్తుంది. సెల్యులాయిడ్ అయితే కర్పూరం వాసన. సెల్యులాయిడ్ తయారీలో కర్పూరం కలుపుతారు కాబట్టి ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వాసన దాగదు. యాక్రిలిక్‌కు చెప్పుకోదగ్గ వాసన ఉండదు. నిప్పు అంటించి చూసే పరీక్ష ఒకటుందని ఎవరైనా చెబితే వినవద్దు. సెల్యులాయిడ్ భగ్గున మండుతుంది.

ఈ వాసన ఎంత పనిచేస్తుందో రెండు డ్యూఫోల్డులు చూపించాయి. పార్కర్ డ్యూఫోల్డు 1921లో ఎర్ర ఎబొనైట్‌తో వచ్చింది. 1926లో ఆ కంపెనీ ప్లాస్టిక్‌కు మారింది. పెట్టెలో ఉన్న రెండు ఎర్ర డ్యూఫోల్డులు పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. ఒకదాని రంగు కాస్త మాసింది, అంతే తేడా. రుద్ది చూశాను. మాసినదానికి రబ్బరు వాసన, మెరుస్తున్నదానికి కర్పూరం వాసన. పాళీ మారిపోయిన పెన్ను రబ్బరుదే. దాని పేజీలో 'బ్యారెల్ 1921–26 ప్రాంతం' అని పెన్సిల్‌తో రాయగలిగాను. ఒక్క ముద్రనూ చదవకుండానే అంత దూరం వెళ్లగలిగానంటే ఆ సాయంత్రమంతా సంతోషంగానే ఉంది.

ఇక పాడుచేసినదాని సంగతి. ఎండిన సిరా వదలడానికి ఒక వాటర్‌మన్ పెన్నును గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టాను. నల్లటి పెన్ను పొద్దునకు ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరిగింది. ఎబొనైట్ ఎండ తగిలిన కొద్దీ పైపొరలో చెడుతూ వస్తుంది. కంటికి నల్లగానే కనిపిస్తున్నా, నీరు తగలగానే ఆ చెడు బయటపడుతుంది. వెచ్చని నీళ్లయితే మరీ తొందరగా. పాలిష్ చేస్తే నలుపు తిరిగి వస్తుంది, కానీ దానితోపాటు బ్యారెల్ మీద సన్నగా చెక్కిన అలల గీతలూ ముద్రలూ అరిగిపోతాయి. పాలిష్ చేయలేదు. ఇకపై ఏ పెన్నునూ ముందు పదార్థం తేల్చకుండా నీటిలో ముంచకూడదు. ఈ వాక్యాన్ని రిజిస్టరు మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాశాను.

ఒక సెల్యులాయిడ్ పెన్ను మీద జిగురు తేలి, క్లిప్పు మొదట్లో పచ్చటి తుప్పు కనిపించింది. చెడుతున్న సెల్యులాయిడ్ ఆమ్ల వాయువులను వదులుతుంది, అవి పక్కనున్న లోహాన్నీ మిగతా పెన్నులనూ తింటాయి. దాన్ని పెట్టెలో నుంచి తీసి గాలి ఆడే చోట విడిగా పెట్టాను.

8వ రోజు

ఈ రోజంతా ముద్రలు చదివాను. అరిగిన ముద్రను ఎదురుగా వెలుగు వేసి చూస్తే ఏమీ కనబడదు. గదిలో దీపం ఆర్పి, టార్చిని బ్యారెల్‌కు దాదాపు సమాంతరంగా పక్కన పెట్టి, పెన్నును నెమ్మదిగా తిప్పాలి. ఒక్కో కోణం దగ్గర ఒక్కో అక్షరం నీడ తేలి మళ్లీ మునుగుతుంది. మరీ మొండికేసిన చోట సుద్దపొడిని వేలికొసతో రాసి తుడిచాను. పొడి గీతల్లో నిలిచి అక్షరాలు తెల్లగా లేచాయి. తర్వాత కుంచెతో దులిపితే పోయింది.

పార్కర్ వాక్యూమాటిక్ పెన్నులు మూడున్నాయి. 1933లో వచ్చిన మోడల్ ఇది. ముత్యపు మెరుపున్న పొర ఒకటి, పారదర్శకమైన పొర ఒకటి, ఇలా వలయాల మీద వలయాలు పేర్చినట్టుండే సెల్యులాయిడ్. వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే లోపల సిరా మట్టం కనిపించాలని ఆ ఏర్పాటు. మొదటిదాని ముద్ర చివర '16' అని ఉంది. 1916 అనుకుని గాభరా పడ్డాను. ఆ సంవత్సరానికి ఈ మోడలే లేదు. పార్కర్ 1934 నుంచి 1938 మధ్య దాకా వాడిన పద్ధతిలో మొదటి అంకె త్రైమాసికం, రెండోది సంవత్సరపు చివరి అంకె. 16 అంటే 1936 మొదటి త్రైమాసికం.

ఆ అంకెను ఒంటరిగా నమ్మలేదు. పెన్ను వెనుక మూత విప్పి, సిరా నింపడానికి నొక్కే బొడిపెను చూశాను. ఇది అల్యూమినియంది, లోపలికి నొక్కి తిప్పితే అక్కడే ఆగి కూర్చుంటుంది. వాక్యూమాటిక్‌లో 1937 దాకా ఉన్న యంత్రం ఇదే. తర్వాత వచ్చినది పొడవైన అల్యూమినియం బొడిపె, నొక్కి తాళం వేసే ఏర్పాటు లేనిది. 1942 నుంచి యుద్ధానికి లోహం కావలసి రావడంతో బొడిపెను ప్లాస్టిక్‌తో చేశారు. నా పెన్ను యంత్రమూ అంకే ఒకే మాట చెప్పాయి. ఈ పేజీలో మాత్రం కాలాన్ని సిరాతోనే రాశాను.

మిగతా రెండింటిలో ఒకటి అల్యూమినియం, ఒకటి ప్లాస్టిక్. ప్లాస్టిక్ బొడిపె ఉన్నదానిపై సంవత్సరపు ఒక్క అంకె, దాని పక్కన చుక్కలు. ఇది తర్వాతి పద్ధతి. మొదటి త్రైమాసికంలో మూడు చుక్కలు, తర్వాత రెండు, ఒకటి, చివరి త్రైమాసికానికి చుక్కలే ఉండవు. ఏడాది గడిచే కొద్దీ అచ్చు మీద నుంచి ఒక్కో చుక్కనూ తీసేస్తూ పోతే కొత్త అచ్చు చేయించనక్కరలేదు. ఆ తెలివి నాకు ఎంతో నచ్చింది.

11వ రోజు

సిరా నింపే పద్ధతిని బట్టి పెన్నులను కొత్తగా వరుసపెట్టాను. పేరుకంటే ఇదే మంచి వర్గీకరణ అని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. ఎందుకంటే మూత మార్చడం తేలిక, పాళీ మార్చడం తేలిక, సిరా నింపే యంత్రాన్ని మార్చాలంటే బ్యారెలే మార్చాలి.

పక్కన మీట ఉన్నవి ఒక వరుస. మీటను పైకి లేపితే లోపలి రబ్బరు తిత్తి నలుగుతుంది, వదిలితే సిరాను పీలుస్తుంది. వాల్టర్ షెఫర్ 1908లో పేటెంటు పొందిన ఏర్పాటు ఇది, ఆయన కంపెనీ దీని మీదే నిలబడింది. వెనుక మూత విప్పి గుండీ నొక్కేవి మరో వరుస, డ్యూఫోల్డులు ఇందులోకి వచ్చాయి. పాత తిత్తులు ఒక్కటీ మిగల్లేదు, పెన్నును కదిపితే లోపల గలగలమంటున్నాయి. లేతరంగు సెల్యులాయిడ్ పెన్నుల బ్యారెళ్లు మూతలకంటే ముదురుగా ఉండటానికి కారణం కూడా ఆ తిత్తే. రబ్బరు నుంచి వెలువడే గంధకం లోపలి నుంచి రంగును మారుస్తుంది. మూతలో తిత్తి ఉండదు కాబట్టి అసలు రంగు అక్కడే మిగిలి ఉంటుంది. రిజిస్టరులో రంగు రాసేటప్పుడు ఇక మూత లోపలి అంచునే చూస్తున్నాను.

పిస్టన్ పెన్నులు మూడో వరుస. వెనుక గుబ్బ తిప్పితే పిస్టన్ నేరుగా బ్యారెల్‌లోకే సిరాను లాగుతుంది, తిత్తి అక్కరలేదు. పెలికాన్ 1929లో తెచ్చిన మొదటి సిరా పెన్ను ఈ పద్ధతిదే. గుబ్బ కొంచెం తిరిగినా పిస్టన్ ఎక్కువ దూరం నడిచేలా మరలను కూర్చారు. పెట్టెలోని రెండు పెలికాన్‌లు 1950లో మొదలైన 400 వర్గానివి, ఆకుపచ్చ చారల బ్యారెళ్లు. మూడోది చూపుకు వాటి చెల్లెలే, కానీ 1982లో మళ్లీ తెచ్చిన ఎం 400. మొదటి రోజు మూడింటినీ ఒకే మోడల్ అని రాసిన చీటీని ఈ రోజు చించేశాను.

షెఫర్ స్నార్కెల్ పెన్నులు మూడు. 1952 నుంచి 1959 వరకు చేశారు. వెనుక గుబ్బ తిప్పితే పాళీ కింద నుంచి సన్నని గొట్టం బయటికి వస్తుంది. ఆ కొసను మాత్రం సిరా బుడ్డిలో ముంచితే చాలు, పాళీ తడవదు, తుడుచుకునే పని లేదు. మూడింటిలో ఒకదాని గొట్టం ఇంకా బయటికి వస్తోంది. ఆ చిన్న గొట్టం నెమ్మదిగా తల బయటపెట్టడం ఎన్నిసార్లు చూసినా తనివి తీరలేదు. మూడింటి లోపలి యంత్రమూ ఒకటే. పేర్లు మాత్రం మూతను, పాళీని బట్టి వేరు. కొసను చుట్టూ కమ్మేసే శంఖం లాంటి పాళీ, తెల్ల చుక్క, ప్లాస్టిక్ మూత వేలియంట్‌కు ఉండే గుర్తులు. మామూలు పాళీ ఉండి చుక్క లేకపోవడం అడ్మిరల్ గుర్తు. అంటే స్నార్కెల్ విషయంలో మూత మారిందంటే మోడల్ పేరే మారిపోతుంది. పేరు ఎంత బలహీనమైన ఆధారమో ఇంతకంటే ఏం చెప్పాలి.

పార్కర్ 61 ఒకటుంది, 1956లో మొదలైన మోడల్. పాళీ మీది తొడుగులో పొదిగిన చిన్న బాణం గుర్తు దీన్ని పట్టిస్తుంది. ఇందులో కదిలే భాగమే లేదు. బ్యారెల్ విప్పి లోపలి గొట్టం వెనుక కొసను సిరాలో నిలబెడితే సన్నని పొరల మధ్య కేశాకర్షణతో సిరా తనంతట తానే ఎక్కుతుంది. ఎన్నో ఏళ్ల కిందటి సిరా లోపల గడ్డకట్టుకుపోయింది. చల్లని నీళ్లు మారుస్తూ పెట్టాను. ఈసారి పదార్థం తేల్చుకున్నాకే.

13వ రోజు

అంకెలే మాట్లాడే పెన్నులు ఈ రోజు చూశాను.

వాటర్‌మన్ బ్యారెల్ అడుగున గుండ్రటి చోట చిన్న సంఖ్య నొక్కి ఉంటుంది. ఒకదాని మీద 52. ఐదు అంటే మీటతో సిరా నింపేది, రెండు అంటే పాళీ పరిమాణం. ఇంకోదాని మీద 52½వి. సగం గుర్తు సన్నని బ్యారెల్‌కు, 'వి' పొట్టి పెన్నుకు. మూడోది 452, ముందున్న నాలుగు స్టెర్లింగ్ వెండి తొడుగుకు. నాలుగోది 0552, మొదటి సున్నా ఐదు బంగారు పూత తొడుగుకు. చివరి అంకె పాళీ మీది అంకెతో కలవాలి. నాలుగింటిలోనూ కలిసింది. ఒక సంఖ్యలోనే పదార్థం, యంత్రం, పాళీ అన్నీ ఇమిడిపోయాయి. నేను రిజిస్టరులో గడులు గీసుకుని చేస్తున్న పని, పెన్ను అడుగున అర అంగుళం లేని చోట ఎప్పుడో చేసిపెట్టారు.

మాంట్‌బ్లాంక్ మూడంకెల పద్ధతీ ఇలాంటిదే. 149లో మొదటి అంకె మైస్టర్‌స్టూక్ అనే పై తరగతికి, నాలుగు పిస్టన్‌కు, తొమ్మిది పాళీ పరిమాణానికి. పెట్టెలో 149 ఒకటి, 146 ఒకటి ఉన్నాయి. మూడోదాని మీద 22 అని రెండే అంకెలు, 1960లలో ఆ కంపెనీ వాడిన సంఖ్యలు అవి. మొదటి రెండు దగ్గర ఎక్కువసేపు ఆగాను. పాళీ మీద 4810, మాంట్‌బ్లాంక్ శిఖరానికి ఒకప్పుడు లెక్కగట్టిన ఎత్తు మీటర్లలో. ఇది కాలం తేల్చదు, ఎన్నో దశాబ్దాలుగా వేస్తున్నారు. 149 మోడల్ 1952 నుంచీ ఉంది, ఇప్పటికీ చేస్తున్నారు, కాబట్టి 149 అని రాసినంత మాత్రాన ఏ తరానిదో రాసినట్టు కాదు. మొదటి పదేళ్లలోనివి సెల్యులాయిడ్‌వి, తర్వాత రెసిన్ అనే ప్లాస్టిక్‌వి. రుద్దాను. కర్పూరం లేదు. క్లిప్పు పైనున్న వలయంలో 'డబ్ల్యు. జర్మనీ' అని ఉంది. 1990లో జర్మనీ ఏకమైంది కాబట్టి ఆ వలయం అంతకుముందు చేసినదే. వలయం అన్నాను, పెన్ను అనలేదు. పేజీలోనూ అలాగే రాశాను.

14వ రోజు

పాళీలు. 14 కె, 14 సి, 585 మూడూ ఒకే బంగారం, నూటికి దాదాపు 58.5 వంతులు. 750 అంటే 18 కారట్లు. ఫ్రాన్స్‌లో బంగారం అని అమ్మాలంటే 18 కారట్లు ఉండాలని ఒకప్పుడు ఉన్న చట్టం వల్ల, ఆ సంతకు వెళ్లిన పెన్నుల పాళీల మీద 18 కనిపిస్తుంది. ఒకే మోడల్ రెండు పెన్నుల్లో ఒకటి 14, ఒకటి 18 అయితే వెంటనే ఒకటి మారిందని అనుమానించకూడదు. పైలట్ పాళీల మీద ఒక అక్షరం, వెంట మూడంకెలు ఉన్నాయి. అంకెల్లో మొదటిది నెల, చివరి రెండు సంవత్సరం. మూడూ 1970లవని తేలిగ్గా తేలింది.

బంగారు మూతల మీద '1/10 12 కె జి.ఎఫ్.' (గోల్డ్ ఫిల్డ్, అంటే పైన బంగారు పొర వేసినది) అనే ముద్ర చూసి పెద్దమ్మ అడుగుతుందని ముందే లెక్క కట్టాను. లోహం మొత్తం బరువులో పదో వంతు 12 కారట్ల బంగారం, అందులో సగమే అసలు బంగారం. వెరసి నూటికి ఐదు వంతులు.

పార్కర్ 75లు రెండూ స్టెర్లింగ్ వెండివే, గళ్లు గళ్లుగా చెక్కినవి. ఈ మోడల్ 1964లో వచ్చింది. పాళీని వేళ్ల పట్టుకు తగినట్టు కాస్త తిప్పుకునే వీలుంది, అందుకు చుట్టూ వలయం మీద కొలత గీతలున్నాయి. ఒకదానిపై గీతల మధ్య '0' ఉంది, రెండోదానిపై లేదు. సున్నా ఉన్నది తొలి రోజులది. వెండి గళ్ల మధ్య నిలిచిన నలుపును తుడవలేదు. గళ్లు తేలి కనబడేది ఆ నలుపు వల్లే.

17వ రోజు

పార్కర్ 51లు నాలుగు. చివరికి మిగిల్చుకున్నాను, ఎక్కువ ఇష్టమైనవి కాబట్టి. 1941లో అమ్మకానికి వచ్చిన ఈ పెన్ను పాళీని దాదాపు మొత్తంగా తొడుగు కిందకు దాచేసింది. త్వరగా ఆరే సిరా పాళీ మీదే ఆరిపోకుండా అన్నమాట. బ్యారెల్ యాక్రిలిక్. 1948 దాకా వాక్యూమాటిక్ యంత్రం, ఆ ఏడాది నుంచి ఏరోమెట్రిక్. రెండోది గుర్తుపట్టడం సులువు. బ్యారెల్ మధ్య వలయం దగ్గరే విప్పుకుంటుంది, లోపల లోహపు గొట్టం, దాని పక్కన నొక్కే పట్టీ, గొట్టం మీదే వాడుక సూచనలు. లోపలి తిత్తి రబ్బరుది కాదు, పారదర్శకమైన ప్లాస్టిక్. పట్టీని ఐదారుసార్లు నొక్కి నీళ్లు లాగాను. డెబ్బై ఏళ్ల తిత్తి ఒక్క చుక్క కారకుండా నిండింది.

మూడు పెన్నులు తేలికగా తేలాయి. నాలుగోది ముదురు నీలం. బ్యారెల్ మీద తేదీ అంకె '1'. 1941 అయితే మొదటి సంవత్సరపు 51 చేతికి చిక్కినట్టే. మూత మీద క్లిప్పుకు నీలి వజ్రం గుర్తు కూడా ఉంది. అది 1940లలో జీవితకాల హామీకి పెట్టి, ఆ దశాబ్దం చివర్లో ఆపేసిన గుర్తు. రెండు సాక్ష్యాలు ఒక్కటయ్యాయి. సిరా పెన్ను చేతిలోకి తీసుకుని '1941' అని రాయబోయి, నియమం గుర్తొచ్చి ఆగాను. సిరా నింపే యంత్రం గడి ఇంకా ఖాళీగా ఉంది.

బ్యారెల్ తిప్పాను. మధ్య వలయం దగ్గర విప్పుకుంది. లోహపు గొట్టం. ఏరోమెట్రిక్.

అంటే ఆ '1' 1951. మూత మాత్రం దానికంటే పాతది. కొలతలు సరిగ్గా సరిపోతాయి, మూత పట్టుగానే కూర్చుంటుంది. మూతనూ బ్యారెల్‌నూ మాత్రమే చూసి ఉంటే కళ్లు మూసుకుని పదేళ్లు తప్పేవాణ్ణి.

18వ రోజు

పెద్దమ్మకు ఫోను చేసి ఆ నీలం పెన్ను సంగతి అడిగాను. వెంటనే చెప్పింది. "బంగారు గీతల మూతదేనా? ఆ మూత దాని సొంతం కాదు నాన్నా. ఆయన దగ్గర నల్లటి పెన్ను ఒకటుండేది, కింద పడి వెనుక వైపు చిట్లింది. మూత బాగుంది కదా అని నీలందానికి పెట్టుకున్నారు. నీలందాని మూత అంతకుముందే ఎక్కడో పోగొట్టారు. ఆఖరి దాకా దానితోనే రాశారు."

గుడ్డ సంచిని బల్ల మీద గుమ్మరించాను. మూత లేని ఆ పెన్ను నల్ల 51. వెనుక బిళ్ల దగ్గర నిలువునా చీలిక. బిళ్ల విప్పితే ప్లాస్టిక్ బొడిపె, వాక్యూమాటిక్ యంత్రం. పక్క వెలుగులో ముద్ర తేలింది. అంకె 5, చుక్కలు రెండు. 1945 రెండో త్రైమాసికం. నీలి వజ్రపు మూతను దాని మీద పెట్టి చూశాను. మూత లోపలి పట్టుకమ్ములు ఆ బ్యారెల్ వలయం మీద వేసిన అరుగుడు గీతలు ఎక్కడివక్కడ కలిశాయి. నీలం పెన్ను వలయం మీద మాత్రం గీతలు రెండు జతలున్నాయి. ఒకటి ఈ మూతది. రెండోది పోయిన మూతది.

19వ రోజు

మూతను నల్ల పెన్నుకు తిరిగి ఇవ్వాలా అని నిన్నంతా ఆలోచించాను. జతలు కలపడమే సరైన పని అని వాదించేవాళ్లుంటారు. నేను మార్చలేదు. నలుపు, నీలం రెండు పేజీల్లోనూ మూత గడిలో ఒకదాని సంఖ్యను మరోదానిలో రాశాను. నీలందాని పేజీలో అడుగున సిరాతో: 'పార్కర్ 51, ఏరోమెట్రిక్, బ్యారెల్ 1951. మూత 1940ల నాటిది, 38వ సంఖ్య పెన్నుది. యజమాని స్వయంగా మార్చుకున్నారు.'

పెట్టెలో లెక్క 37 నుంచి 38కి పెరిగింది. పేరులేని ఐదింటిలో ఒకటి సంచిలోని విరిగిన మూత మీది ముద్ర వల్ల కంపెనీ దొరికేలా ఉంది, వచ్చే వారం చూస్తాను. మిగతా నాలుగింటికీ 'పేరు లేదు, మీట, సెల్యులాయిడ్, పరాయి పాళీ' అన్నదే వాటి పేరుగా నిలుస్తుంది. ఆ పేజీల అడుగు గడిని ఖాళీగా వదిలేశాను.

ఈ పూట నీలం 51ని కడిగి, నింపి, పెద్దమ్మకు పంపే చీటీ దానితోనే రాశాను. పాళీ కొస ఎడమవైపు కాస్త అరిగి ఉంది. పెదనాన్నగారి చెయ్యి వాలు అది. నా చేతికి మొదటి రెండు పంక్తులు గీరుకుంది, పెన్నును ఆయన పట్టుకున్నట్టు కొంచెం తిప్పి పట్టుకున్నాక మెత్తగా నడిచింది.